ఆఫీసు భాష మారినప్పుడల్లా

పోస్టు పొడుగైంది, తీరిగ్గా చదవండి. ముఖ్యంగా ఇంజినీరింగ్, డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలె.

1921 నవంబర్ 12న హైదరాబాద్ వివేకవర్ధిని హాలులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే, ఆడవాళ్ల చదువు కోసం జీవితమంతా పెట్టిన మనిషి. వేరే భాషల్లో మాట్లాడినోళ్లను అందరూ విన్నరు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే మాత్రం గోల, వెక్కిరింపులు. ఆయన్ని సాగనీయలేదు. ఆ రాత్రే కొంతమంది తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నరు. ఆంధ్ర మహాసభ దాకా పోయిన కథ అక్కడ మొదలైంది. ఆ ఇంటిపేరు చూసి మన వికారాబాద్ ఆలంపల్లి గుర్తొచ్చి నేను ఈ సంగతి దగ్గర ఆగి చదివిన, లేకపోతే తేదీ బట్టీ పట్టి ముందుకు పోయేవాణ్ని.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది ఒక్క మార్కు ప్రశ్న. నాకు మాత్రం ఇది ప్లేస్‌మెంట్ ప్రశ్న లెక్క కనిపించింది. ఒక చదువుకున్న మనిషి, వకీలు, చెప్పాల్సిన విషయం ఉన్న మనిషి. ఆ హాలుకు నచ్చిన భాష కానందుకు ఆయన మాట విషయం దాకా పోనే లేదు.

మా హాస్టల్‌లో ఇప్పుడు థర్డ్ ఇయర్ అందరికీ ఒకటే భయం. సబ్జెక్టు భయం కాదు. ట్రైనింగ్ ఇయ్యనీకి వచ్చేటోళ్లు అందరూ ఒకటే మాట అంటరు, మీకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు అని. తండా నుంచి, ఊర్ల నుంచి వచ్చినోళ్లకు ఈ మాట ఎట్ల వినిపిస్తదంటే, నీలో ఏదో పుట్టుకతోనే తక్కువ ఉంది అన్నట్టు వినిపిస్తది. బ్యాక్‌లాగ్ లేకుండా మూడేండ్లు చదివిన పిల్లలు గ్రూప్ డిస్కషన్‌లో నోరు తెరవరు. అందుకే ఈ "తక్కువ" ఎక్కడి నుంచి వచ్చిందో మన జాగాలోనే వెతికి చూద్దామనుకున్న.

నిజాం రాజ్యంలో సర్కారు భాష చాలాకాలం ఫార్సీ. మొదటి సాలార్ జంగ్ ఉన్నన్ని రోజులు దాన్ని కదలనీయలేదు. ఆయన 1883లో చనిపోయినంక కొద్దికాలంలోనే ఆఫీసులు, కచేరీలు ఉర్దూలోకి మారినయి. అంతదాకా ఫార్సీ రాయగలిగినోడే యోగ్యుడు, ఇక ఉర్దూ రాయగలిగినోడు యోగ్యుడు. ఊళ్లో చెరువు తూము గురించి రైతుకు తెలిసిందాంట్లో ఏ మార్పూ లేదు.

1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిన్రు. ఉర్దూ మీడియం. దేశంలో ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం అప్పటికి చాలా పెద్ద సాహసం. దానికి ఒక ఏడాది ముందే తర్జుమా కోసం ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టి, సైన్సు, గణితం, చట్టం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చిన్రు. 1929లో ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అక్కడా పాఠం ఉర్దూలోనే. అంటే బీములు, కాలువలు, రోడ్లు అన్నీ మన భాషల్లో ఒకదాంట్లో చెప్పొచ్చని హైదరాబాద్ చేసి చూపించింది. అప్పటి విద్యాశాఖ డైరెక్టర్ రాస్ మసూద్ 1922లో జపాన్ పోయి, వాళ్లు సొంత భాషలో చదువు ఎట్ల నడుపుతున్నరో చూసి వచ్చి పుస్తకం రాసిండు. జపాన్‌లో కూడా 1870లలో ఇంజినీరింగ్ చెప్పింది బ్రిటన్ నుంచి వచ్చిన మాస్టర్లు, ఇంగ్లీషులో. తర్వాత వాళ్లు దాన్ని జపనీస్‌లోకి మార్చుకున్నరు.

ఇక్కడ ఒక మాట. ఉర్దూ మీడియం గొప్పదే, కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. వాళ్లకు ఉర్దూ కూడా బయటి భాషే. సొంత భాషలో చదువు అన్నప్పుడు ఎవరి సొంతం అని అడగాల్సిందే.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆఫీసుల్లో కూడా అంతే. ఇంగ్లీషు వచ్చినోళ్లు బయటి రాష్ట్రాల నుంచి ఉద్యోగాల్లోకి దిగిన్రు. ఉర్దూలో ఇంజినీరింగ్ చదివి అప్పటిదాకా సైట్లు నడిపినోళ్లు, లెక్క తప్పకుండా కట్టినోళ్లు, ఒక్కసారిగా "రానోళ్లు" అయిపోయిన్రు. వాళ్ల లెవెలింగ్ మారలేదు, డిజైన్ మారలేదు. ఆ కడుపుమంట 1952 ముల్కీ ఉద్యమంలో ఒక కారణం. ఆ సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో విద్యార్థుల ప్రాణాలు పోయినయి.

మన లంబాడీలు తెలంగాణలో ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. అంటే రిజర్వేషన్ మీద ఇంజినీరింగ్ సీటు అనే మాట మన తండాకు వినిపించేనాటికి ఫార్సీ, ఉర్దూ రెండూ పోయి ఇంగ్లీషు కుర్చీలో కూర్చుని ఉంది. పక్కోళ్ల తాతలు ఒక్కో భాష మారినప్పుడల్లా కిందమీద పడి నేర్చుకుంటూ వస్తే, మనం నేరుగా మూడో ఆటలో దిగినం. నూరేండ్ల తేడాను మన తెలివి తక్కువ అనుకుంటే ఎట్ల?

ఇంతవరకు ఒక వైపు. ఇంగ్లీషు మన మీద రుద్దుడు, నేర్చుకోం అని గ్రూపులో కొందరు అన్నలు రాస్తరు. వాళ్లతో నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పనీకి మూసీ కథ చెప్పాలె.

మూసీ పుట్టింది మన అనంతగిరి గుట్టల్లో. 1908 సెప్టెంబర్ 28న అదే మూసీ హైదరాబాద్‌ను ముంచింది. వేలమంది చనిపోయిన్రు, 15,000 అని చాలా పుస్తకాల్లో ఉంటది. నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. బొంబాయి సర్కారు కొలువు వదిలి అప్పుడు ఆయన విదేశాల్లో తిరుగుతున్నడు. 1909 ఏప్రిల్‌లో వచ్చి, అక్టోబర్ 1న రిపోర్టు ఇచ్చిండు. అంటే ఆరు నెలలు కూడా కాలేదు.

నాకు ఆ రిపోర్టులో నచ్చింది డిజైన్ ఒక్కటే కాదు. మూసీకి నీళ్లిచ్చే ప్రాంతంలో 788 చెరువులు ఉన్నయని, వాటిలో 221 తెగినయని లెక్క తీసిన్రు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడి, అది ఇంకో దాని మీద పడి, వాన నీళ్లకు చెరువుల నీళ్లు తోడై నగరం మీదికి వచ్చినయి. ఈ మాట ఎట్ల తెలిసింది? వాన లెక్కలతోటే తెలవదు. ఏ చెరువు కట్ట తెగింది, ఎప్పుడు తెగింది, మత్తడి దూకిందా లేదా, ఇది ఊరి నీరటికి తెలుసు. నీరటిది తెలుగు. పట్వారీ దస్తరం తెలుగు. పైన తాలూకా కచేరీది ఉర్దూ. ఆఖరుకు రిపోర్టు ఇంగ్లీషు. కట్ట మీద నిలబడ్డ మనిషి మాట ఇన్ని మెట్లెక్కి ఒక పట్టికలో అంకె అయింది. ఆ మెట్లలో ఎక్కడ ఒకడు సరిగ్గా అడగకపోయినా, సరిగ్గా రాయకపోయినా ఆ 221 అనే అంకె తప్పయ్యేది, దాని మీద కట్టిన ఆలోచన కూడా తప్పయ్యేది.

ఆ ఆలోచన ఏందంటే, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయం కట్టి వరదను అక్కడే ఆపడం. డబ్బు ఇచ్చేటోళ్లు ఇంజినీర్లు కాదు, వాళ్లకు క్యూసెక్కులు తెలవవు. వాళ్లను ఒప్పించాలె. ఒప్పుకున్నరు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినయి. రిపోర్టు ఇచ్చిన ఆయనే వాటిని దగ్గరుండి కట్టలేదు, ఆయన మైసూరుకు పోయిండు. వేరే ఇంజినీర్లు కట్టిన్రు. రాసిన మనిషి పక్కన లేకున్నా పని ముందుకు పోయేటట్టు రాయడం, నా లెక్కల కమ్యూనికేషన్ అంటే ఇది. షేక్‌హ్యాండ్ ఎట్ల ఇయ్యాలె, టై ఎట్ల కట్టాలె అనేదానికి రెండు గంటలు క్లాస్ పీకేటోళ్లు, ఒక్క పేజీ సైట్ రిపోర్టు ఎట్ల రాయాలో మాత్రం చెప్పరు.

పైనుంచి కిందికి కూడా మాట నడవాలె. 1940లో కొమురం భీం చనిపోయినంక నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన మార్లవాయిలో 1943లో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించి, గోండీలో వాచకాలు రాయించిండు. అక్కడ పనిచేసిన సేతు మాధవరావు అనే ఆఫీసర్ గోండీ నేర్చుకుని ఆ భాష మీద పుస్తకాలు రాసిండు. జనం భాష రాకపోవడాన్ని ఆఫీసర్ తన కమ్యూనికేషన్ లోపంగా తీసుకున్న సందర్భాలు మన చరిత్రలో చాలా తక్కువ, అందుకే చెప్తున్న. ఇప్పుడు ఏ ఇంటర్వ్యూలో అయినా "నీకు కూలీల భాష వచ్చా" అని అడుగుతరా?

మనోళ్లకు మాట్లాడరాదు అనే మాటకైతే నాకు నవ్వొస్తది. లదేణి చేసిన జాతి మనది. భంగీ, జంగీ నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో షాజహాన్ సైన్యం వెంట దక్కన్‌కు వచ్చిన్రని, వాళ్లకు రాగి రేకు మీద రాసిచ్చిన్రని మన పెద్దోళ్లు చెప్పేది బ్రిటిష్ ఆఫీసర్లు కూడా రాసుకున్నరు. 1799లో శ్రీరంగపట్నం మీదికి, 1803లో మరాఠాల మీదికి పోయిన సైన్యాలకు గింజలు మోసింది బంజారాలే. వెల్లెస్లీ ఉత్తరాల నిండా వాళ్ల ప్రస్తావన ఉంటది, ఎద్దులు ఎప్పుడొస్తయి, గింజలు ఎన్ని వస్తయి అని. ఉప్పు ఒక దిక్కు కొని, ధాన్యం ఇంకో దిక్కు అమ్మి, దారిలో ప్రతి ఊళ్లో కోర్‌లతో ధర మాట్లాడాలంటే ఎన్ని భాషలు రావాలె? గోర్ బోలికి లిపి లేదు, లెక్క మాత్రం తప్పలేదు.

ఆ లదేణిని ఆపింది కూడా ఇంజినీర్లే. వాడి నుంచి సికింద్రాబాద్ రైలు 1874లో మొదలైంది, మన తాండూరు, వికారాబాద్ మీదుగా. ఎద్దు మీద నెల పట్టే సరుకు రైల్లో రోజుల్లో పోయింది. ఎద్దులు నమ్ముకున్న తండాలు తిరుగుడు మాని గుట్టల పక్కన ఆగినయి. తాండూరు, కొడంగల్ దిక్కు ఇన్ని తండాలు గుట్టలు పట్టుకుని ఎందుకున్నయో దీంతో కొంత అర్థమైతది.

మా బాపు పుణెలో ఇరవై ఏండ్లు కట్టడం పనికి పోయిండు. గోర్ బోలి, తెలుగు, దక్కనీ, మరాఠీ, కొంచెం కన్నడ మాట్లాడతడు. ఒక్కటీ రాయరాదు. సైటులో కొత్తగా వచ్చిన ఇంజినీరు సార్లు మేస్త్రీకి చెప్పలేక, బాపును పిలిచి చెప్పించేవాళ్లట. కూలి మాత్రం కూలీదే.

సివిల్ వాళ్లకు ఒక ఉదాహరణ. స్లాబు పోస్తున్నరు, కాంక్రీటు గట్టిగా ఉంది, తొందరగా సాగాలని మేస్త్రీ నీళ్లు ఎక్కువ కొడతడు. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతది, ఇది మనకు ఫస్ట్ చదువుకున్నప్పటి నుంచి తెలుసు. 28 రోజుల క్యూబ్ టెస్టులో బయటపడేనాటికి పైన ఇంకో స్లాబు లేచి ఉంటది. అప్పటికప్పుడు మేస్త్రీకి అర్థమయ్యేటట్టు, ఆయన ఇజ్జత్ పోకుండా చెప్పాలె. అది తాండూరులో అయితే దక్కనీలో, బీహార్ పిల్లలుంటే హిందీలో. మేస్త్రీ వినకపోతే మేనేజరుకు ఫోన్ చేసి, పని ఎందుకు ఆపిన్నో రెండు నిమిషాల్లో చెప్పాలె. సాయంత్రం దాన్ని సైట్ రిజిస్టర్‌లో ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాయాలె, తేదీ, టైము, ఏ బే, ఎన్ని క్యూబులు తీసినం. నాలుగో లైను రాయకపోతే రేపు తప్పు మన మీదికి వస్తది. ఈ మూడు పనుల్లో మొదటిది మనకు వేరేవాళ్లకంటే బాగా వచ్చు. మూడోది రాదు. దానికోసమే ఇంగ్లీషు పట్టాలంటున్న, వేరే దేనికీ కాదు.

2021లో ఏఐసీటీఈ తెలుగులో కూడా బీటెక్ చెప్పొచ్చని అనుమతి ఇచ్చింది. మంచిదే. కానీ 1948 తర్వాత ఉర్దూ ఇంజినీర్లకు ఏమైందో చూసినోళ్లం, చదువు భాష ఒకటి, కంపెనీ భాష ఇంకొకటి అయితే మధ్యల నలిగేది పిల్లలే. టెండరు, డ్రాయింగు, ఎంబీ అన్నీ ఇంగ్లీషులో ఉన్నన్ని రోజులు నేను ఇంగ్లీషే నేర్చుకొమ్మంట.

మా హాస్టల్‌లో ఐదుగురం కలిసి ఆదివారం పొద్దుమీకి ఒక పని మొదలుపెట్టినం. ఒకరు ఆ వారం చూసిన ఏదో ఒక కట్టడం, కల్వర్టో, నీళ్ల ట్యాంకో, దాని గురించి ముందు గోర్ బోలిలో చెప్పాలె, తర్వాత తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మూడింట్లో ఒకటే విషయం రావాలె. నవ్వడం బంద్. గోర్ బోలిలో చెప్పేటప్పుడు ఎవరూ ఆగరు, అదే మనిషి ఇంగ్లీషులో మొదటి రెండు వారాలు "యాక్చువల్లీ" దగ్గరే ఆగిండు. నాలుగో వారానికి ఐదు నిమిషాలు మాట్లాడిండు.

గ్రూపులో ఒక సాయం అడుగుతున్న. నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసిన పెద్దోళ్లు మీ ఇంట్ల ఉంటే, రాయికి, పగులుకు, పొరకు, సమ్మెట దెబ్బకు వాళ్లు వాడే మాటలు గోర్ బోలివి, తెలుగువి రికార్డు చేసి పంపండి. కోట్‌పల్లి ప్రాజెక్టు మట్టి పని చేసిన తాతలు, నానమ్మలు ఉన్నా సరే. ఊరు పేరు, వయసు రాయండి, నంబర్లు పెట్టకండి. వచ్చినవన్నీ ఒక్క దగ్గర రాసి ఇక్కడే పెడత.