పీఎం-కిసాన్: సాయం ఎవరికి అందుతోంది? తెలుసుకునే హక్కు ఎవరిది?

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి (పీఎం-కిసాన్) కింద అర్హత గల ప్రతి రైతు కుటుంబానికి కేంద్ర ప్రభుత్వం ఏటా రూ.6,000 చెల్లిస్తోంది. నాలుగు నెలలకు ఒకసారి రూ.2,000 చొప్పున మూడు విడతల్లో ఈ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించిన ఈ పథకాన్ని 2018 డిసెంబరు 1 నుంచి వర్తింపజేశారు.

అర్హులు, అనర్హులు

తొలుత రెండు హెక్టార్లలోపు భూమి గల చిన్న, సన్నకారు రైతులకే పరిమితమైన సాయాన్ని 2019 జూన్ నుంచి భూమి గల రైతు కుటుంబాలన్నిటికీ విస్తరించారు. భర్త, భార్య, మైనర్ పిల్లలను కలిపి ఒక కుటుంబంగా పరిగణిస్తారు. ఆదాయపు పన్ను చెల్లించేవారు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు, నాలుగో తరగతి సిబ్బంది మినహా ప్రభుత్వ ఉద్యోగులు, వృత్తిలో కొనసాగుతున్న వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు అనర్హులు.

అక్రమాలు బయటపడిన తీరు

2020లో తమిళనాడులో ఐదు లక్షలకు పైగా అనర్హుల పేర్లు జాబితాలో చేరినట్లు తేలింది. అధికారుల లాగిన్ వివరాలను దుర్వినియోగం చేసి ఈ పేర్లను నమోదు చేసినట్లు వెల్లడైంది. దేశవ్యాప్తంగా 20.48 లక్షల మంది అనర్హులకు రూ.1,364 కోట్లు చెల్లించినట్లు సమాచార హక్కు దరఖాస్తుకు వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇచ్చిన సమాధానం ద్వారా 2021 జనవరిలో వెలుగులోకి వచ్చింది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను చెల్లింపుదారులే కావడం గమనార్హం.

చట్టం ఏం చెబుతోంది?

రాయితీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ప్రతి ప్రభుత్వ సంస్థ ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం–2005లోని సెక్షన్ 4(1)(బి) నిర్దేశిస్తోంది. పీఎం-కిసాన్ పోర్టల్‌లోనూ రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం వారీగా జాబితాను చూసే వీలు కల్పించారు. ఎవరికి ఎంత భూమి ఉందో, ఎవరు ఉద్యోగంలో ఉన్నారో ఊరివారికి తెలుసు. కాబట్టి గ్రామస్థాయి జాబితాయే అత్యంత సులభమైన తనిఖీ సాధనం.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం–2023 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను సవరించింది. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారానికే గతంలో మినహాయింపు ఉండేది. సవరణ ఆ పరిమితిని తొలగించింది. అయితే గోప్యత కన్నా ప్రజా ప్రయోజనమే అధికమైనప్పుడు సమాచారం ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) యథాతథంగా ఉంది.

ఐరోపా అనుభవం

ఐరోపా సమాఖ్యలోనూ ఇదే వివాదం తలెత్తింది. వ్యవసాయ రాయితీ పొందిన వ్యక్తులందరి పేర్లనూ విచక్షణ లేకుండా ప్రకటించడం గోప్యతకు భంగకరమని సమాఖ్య న్యాయస్థానం 2010 నవంబరులో తీర్పునిచ్చింది. 2013లో నిబంధనలను సవరించి, స్వల్ప మొత్తాలు పొందేవారి పేర్లకు మినహాయింపునిస్తూ ప్రకటనను పునరుద్ధరించారు. గోప్యత, పారదర్శకత రెండింటికీ చోటు కల్పించవచ్చని ఈ అనుభవం సూచిస్తోంది. పేరు, గ్రామం, అందిన మొత్తం ప్రకటించడానికి ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలను బయటపెట్టనవసరం లేదు.

జాబితాకెక్కని కౌలు రైతు

భూమి రికార్డే ఆధారం కావడంతో కౌలు రైతు పేరు పీఎం-కిసాన్ జాబితాలోకి రాదు. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ప్రారంభమైన రైతు భరోసా కేంద్ర సాయానికి రాష్ట్ర వాటాను జోడించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలు రైతులకూ అవకాశమిచ్చింది. జాబితా బహిరంగంగా ఉంటే అనర్హులను గుర్తించడమే కాదు, సాగు చేస్తూ సాయానికి నోచుకోనివారు ఎవరో కూడా గ్రామానికి తెలుస్తుంది.