వకీళ్లు తెరిపించిన గ్రంథాలయంలో చట్టం పుస్తకమేది?

1935లో నాలుగో ఆంధ్ర మహాసభ మన సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు వకీలు. దేవరకొండ సభ నడిపిన బూర్గుల రామకృష్ణారావు, షాద్‌నగర్ సభాధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి కూడా వకీళ్లే. సభ పెట్టాలంటే నిజాం సర్కారు హుకుం గస్తీ నిషాన్ 53 అడ్డుపడే రోజుల్లో వాళ్లు ఊరూరా గ్రంథాలయం కావాలని తిరిగారు. కోర్టు వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. తన భూమి గురించి కాగితంలో ఏం రాశారో రైతుకు మరొకరు చదివి చెప్పాల్సిందే.

ఆ శ్రమ ఊరికే పోలేదు. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1960లో ఉమ్మడి రాష్ట్ర చట్టం దాని స్థానం తీసుకుంది. మల్లాపూర్‌లో ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను కూడా అందులో ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే పుస్తకాల ఖర్చు మనం ముందే కట్టేశాం. పేపరు చదవడానికి ఎవరైనా లోపలికి పోవచ్చు. డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు.

చట్టం పుస్తకాల దగ్గరే కథ మారింది. అవి బార్ అసోసియేషన్ గదుల్లో చేరాయి. ఏఐఆర్, ఏఎల్‌టీ అనే తీర్పుల సంకలనాల బైండు వాల్యూములు వకీళ్లు చందాలేసుకుని కొన్నవి. వాదనకు కోర్టు హాలుకు తీసుకుపోయినా రిజిస్టరులో సంతకం పెట్టి తిరిగి అప్పగించాలి. వాళ్ల సొమ్ముకు వాళ్ల నియమం న్యాయమే. మరి కక్షిదారు ఎక్కడ చదవాలి? కాలిఫోర్నియా 1891లోనే జిల్లా జిల్లాకూ న్యాయ గ్రంథాలయం పెట్టి, కోర్టు ఫీజులో కొంత దానికి కేటాయించి, తలుపు అందరికీ తెరిచింది.

చదివే చోటు ఎందుకు కావాలో మన దగ్గరే చూడండి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయింది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి లేఆఫ్ రోజుల్లో మూలవేతనం, కరువు భత్యం కలిపి సగం ఇవ్వాలని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 25సి సెక్షన్ చెప్పేది. ఆ ఒక్క పేజీ ఊరి గ్రంథాలయంలో ఉంటే ఎంత ధైర్యం!

సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి, కొన్ని తెలుగులో కూడా. తీర్పు ప్రతి తీసుకోవడానికి కాపీరైట్ చట్టం అడ్డురాదు. ఇక కావాల్సింది ఒక బీరువా. భూభారతి చట్టం, సమాచార హక్కు చట్టం, గల్ఫ్‌కు పోయేవాళ్ల కోసం 1983 వలస చట్టం, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే 1987 చట్టం తెలుగులో ఉండాలి. ఒక్కోటి రెండేసి ప్రతులు: ఒకటి అక్కడే చదువుకోవడానికి, ఒకటి ఇంటికివ్వడానికి. పన్ను కట్టే ప్రతివారూ ఈ నాలుగు పుస్తకాలు కావాలని జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు రాయండి.