పచ్చిక బయళ్లకు ఉమ్మడి లెక్క: అమెరికా పశ్చిమ రాష్ట్రాల అనుభవం

పచ్చిక బయళ్లకు, వాటిపై ఆధారపడిన పశుపాలకులకు 2026వ సంవత్సరాన్ని అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రకటించింది. ఈ ప్రతిపాదనకు మంగోలియా నాయకత్వం వహించింది. ఈ సందర్భంలో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ప్రభుత్వాధికారులు, పశుపోషకులు కలిసి మేత భూములను పరిశీలిస్తున్న విధానం తెలుసుకోదగినది.

నేపథ్యం

1934కు ముందు ఆ ప్రాంతపు ప్రభుత్వ బయళ్లలో మేపుకు అదుపు ఉండేది కాదు. ముందుగా చేరిన మందదే మేత. గడ్డి నశించి నేల కోతకు గురికావడంతో ఆ ఏడాది జూన్ 28న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ టేలర్ మేపు చట్టంపై సంతకం చేశారు. 1946లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నేడు సుమారు 24.5 కోట్ల ఎకరాలను నిర్వహిస్తోంది. అందులో దాదాపు 15.5 కోట్ల ఎకరాలు మేతకు ఉద్దేశించినవి. దాదాపు 18 వేల అనుమతులు, లీజుల కింద పశుపోషకులు అక్కడ మందలను మేపుకుంటున్నారు. మేత భూముల స్థితిగతులను, వాటిలో వచ్చే మార్పులను నిరంతరం నమోదు చేయాలని 1978 నాటి చట్టం నిర్దేశించింది.

వివాదానికి మూలం

ఎన్ని పశువులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మేయవచ్చో అనుమతి పత్రం నిర్ణయిస్తుంది. దాని కాలపరిమితి సాధారణంగా పదేళ్లు. నేల దెబ్బతిన్నదని తేలితే అధికారులు పశువుల సంఖ్యను తగ్గించవచ్చు. అప్పుడు ఆ కుటుంబం మందలో కొంత భాగాన్ని అమ్ముకోవలసి రావచ్చు. తగ్గించవలసిన చోట తగ్గించకపోతే బహువార్షిక గడ్డి బలహీనపడి, చీట్‌గ్రాస్ వంటి ఏకవార్షిక కలుపు గడ్డి వ్యాపిస్తుంది. అది వేసవి ఆరంభంలోనే ఎండి కార్చిచ్చుకు ఇంధనమవుతుంది.

ఇంతటి నిర్ణయానికి గట్టి ఆధారం అవసరం. అయితే ఒక్కో అధికారి పరిధిలో అనేక మేత విభాగాలు ఉండటంతో ఏటా అన్నింటినీ చూడటం కష్టం. పశుపోషకుడు ఆ నేలను తరచూ చూస్తాడు కానీ, అతని పరిశీలన కాగితం మీదికి ఎక్కదు. ఉమ్మడి పరిశీలన ఈ లోటును పూడుస్తుంది.

పరిశీలన జరిగే తీరు

మొదట ఇరుపక్షాలూ కలిసి స్థలాన్ని ఎంచుకుంటాయి. నీటి తొట్టె పక్కన నేల ఎప్పుడూ తొక్కుడుపడి ఉంటుంది. పశువులు ఎక్కలేని వాలులో గడ్డి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ విడిచి, ఆ విభాగానికి ప్రాతినిధ్యం వహించే చోట గుర్తురాయి పాతుతారు. ఏటా అదే రుతువులో, అదే చోట నిలబడి, అదే దిశలో ఛాయాచిత్రం తీస్తారు.

ప్రతి ఏడాదీ వర్షపాతం, మంద లోపలికి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, పశువుల సంఖ్య, మేపు తర్వాత మిగిలిన గడ్డి ఎత్తు నమోదవుతాయి. కొన్నేళ్లకొకసారి టేపు పరచి, నిర్ణీత దూరాల్లో సన్నని కడ్డీని నిలువుగా దించుతారు. అది తాకినది మొక్కా, ఎండుటాకా, రాయా, వట్టి నేలా అన్నది రాసుకుంటారు. నమోదుల ప్రతులు ఇద్దరి వద్దా ఉంటాయి.

ప్రయోజనం, పరిమితి

గడ్డి తగ్గిన ఏడాదిలో కారణం అనావృష్టా, అధిక మేపా అన్న ప్రశ్న తప్పదు. వర్షపాతం, తేదీలు, పశువుల సంఖ్య పక్కపక్కన ఉంటేనే దానికి సమాధానం దొరుకుతుంది. దానిని బట్టి మందను ఆలస్యంగా దించడం, ఒక భాగానికి విశ్రాంతి ఇవ్వడం, నీటి వసతిని మార్చడం వంటి మార్గాలు తెరుచుకుంటాయి. పశువులను తగ్గించక తప్పదని ఆ లెక్కే చెప్పవచ్చు. కొలత పద్ధతిని ముందే అంగీకరించి ఉండటంతో ఆ ఫలితాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టమవుతుంది.

మేపుతో లాభం పొందేవారే కొలిస్తే ఎలా నమ్మాలన్నది పర్యావరణవాదుల ప్రశ్న. అందుకే శిక్షణ, లిఖిత పద్ధతి, అధికారుల పునఃపరిశీలన కీలకం. 1986 నుంచి ఏటేటా వృక్ష ఆచ్ఛాదనను ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చూపే రేంజ్‌ల్యాండ్ అనాలిసిస్ ప్లాట్‌ఫామ్‌తోనూ క్షేత్రస్థాయి నమోదులను సరిపోల్చవచ్చు. తుది నిర్ణయాధికారం మాత్రం ప్రభుత్వ సంస్థదే.

మన దేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేపు హక్కులతో పాటు సంచార పశుపాలకుల కాలానుగుణ వినియోగ హక్కులనూ గుర్తించింది. అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభలకు, హక్కుదారులకు ఇచ్చింది. మేపు వల్ల అడవికి నష్టమా, మేలా అన్న వాదన ఇక్కడా వినిపిస్తుంది. దానిని తేల్చడానికి అటవీ సిబ్బంది, కాపరులు కలిసి రాసుకునే ఇటువంటి లెక్క ఉపకరిస్తుంది. ఒక గుర్తురాయి, ఒక కెమెరా, ఒక వర్షమాపకంతో దానిని ఆరంభించవచ్చు.