ఒకే రైలు, వేర్వేరు చార్జీలు: ధర విచక్షణ ఎలా పనిచేస్తుంది?

బిలాస్‌పూర్ నుంచి తిరుపతి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో పక్కపక్క బెర్తుల్లో కూర్చున్న ఇద్దరూ ఒకే చార్జీ కట్టి ఉండకపోవచ్చు. ఒకరు రెండు నెలల ముందే టికెట్ తీసుకుని ఉంటారు. ఇంకొకరు ప్రయాణానికి ముందురోజు తత్కాల్‌లో కొని ఉంటారు. రైలు ఒకటే, దూరం ఒకటే, రైల్వేకు అయ్యే ఖర్చు కూడా దాదాపు ఒకటే. ఖర్చులో తేడా లేకపోయినా కొనేవారిని బట్టి, కొనే సమయాన్ని బట్టి ధర మార్చడాన్నే అర్థశాస్త్రంలో ధర విచక్షణ అంటారు.

మూడు రకాలు

బ్రిటిష్ ఆర్థికవేత్త ఎ.సి. పిగూ 1920లో దీన్ని మూడు స్థాయిలుగా విడదీశారు. ప్రతి కొనుగోలుదారు నుంచీ అతను ఇవ్వగలిగినంతా రాబట్టడం మొదటిది. స్లీపర్, థర్డ్ ఏసీ వంటి రకాలను ముందు పెట్టి ఎంపికను కొనేవారికే వదిలేయడం రెండోది. విద్యార్థులు, వృద్ధులు వంటి వర్గాలకు వేర్వేరు ధరలు పెట్టడం మూడోది.

ఈ ఆలోచనకు రైలు పెట్టెలతో పాత సంబంధమే ఉంది. ఫ్రాన్స్‌లో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు ఎందుకు లేదో ఇంజినీరు జూల్ డ్యుప్యుయి 1849లోనే వివరించారు. అది పేదలను బాధపెట్టాలని కాదు, రెండో తరగతి టికెట్ కొనగలవారు మూడో తరగతికి దిగిపోకుండా ఆపడానికి.

ఏం కావాలి?

ఇది సాగాలంటే మూడు షరతులు కుదరాలి. అమ్మకందారుకు మార్కెట్‌పై పట్టు ఉండాలి. ఎవరు ఎంత ఇవ్వగలరో పసిగట్టే గుర్తులు ఉండాలి. చౌకగా కొన్నవారు ఎక్కువ ధరకు మరొకరికి అమ్మే వీలు ఉండకూడదు. రైలు టికెట్ మీద పేరు, ప్రయాణంలో గుర్తింపు కార్డు తనిఖీ ఈ మూడో షరతును తీరుస్తాయి.

బిలాస్‌పూర్ లెక్క

ఆగ్నేయ మధ్య రైల్వేకు, బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్‌కు ప్రధాన కార్యాలయాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. కోర్బా గనుల బొగ్గు ఈ జోన్ మీదుగానే తరలుతుంది. సరుకు రవాణాలో రైల్వే బరువు, దూరాలతో పాటు సరుకు ఏమిటన్నదీ చూస్తుంది. తరగతిని బట్టి రేటు మారుతుంది. ప్రయాణికుల చార్జీలతో సగటున 57 శాతం ఖర్చే తిరిగి వస్తోందని రైల్వే టికెట్ల మీదే ముద్రించింది. మిగతా లోటులో ఎక్కువ భాగాన్ని సరుకు ఆదాయం పూడుస్తుంది. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు తగ్గినప్పుడు బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి ఈ జోన్‌లో ప్రయాణికుల రైళ్లు రద్దయ్యాయి.

ఎవరికి లాభం?

2016 సెప్టెంబర్ 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ చార్జీలు వచ్చాయి. 10 శాతం బెర్తులు నిండిన ప్రతిసారీ మూల చార్జీ 10 శాతం పెరుగుతుంది, ఒక పరిమితి వరకు. దీనివల్ల రైల్వేకు రూ.552 కోట్ల అదనపు ఆదాయం వచ్చిందని, కానీ ప్రయాణికులు తగ్గారని కాగ్ తేల్చింది. తర్వాత 2019లో కొన్ని రైళ్లకు దీన్ని ఎత్తేశారు.

మరోవైపు, వృద్ధులకు ఉన్న రాయితీ (పురుషులకు 40, మహిళలకు 50 శాతం) 2020 మార్చిలో ఆగిపోయింది. విద్యార్థులకు, దివ్యాంగులకు, కొన్ని వ్యాధుల రోగులకు మాత్రం రాయితీ మిగిలింది.

ధర విచక్షణ దానంతట అది మంచీ కాదు, చెడూ కాదు. రాయితీ రూపంలో వస్తే టికెట్ కొనలేనివారిని కూడా రైలెక్కిస్తుంది. అదనపు చార్జీ రూపంలో వస్తే అవసరాన్ని స్తోమతగా లెక్కగడుతుంది. ఇంట్లో చావు కబురు విని రేపటి రైలుకు తత్కాల్ టికెట్ కొనే మనిషికి తొందర ఉంటుంది. డబ్బు ఉండాలనేమీ లేదు.