లెక్కకు రాని మృతులు



రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుఁడు తెనిఁగించిన ఆదిపర్వమందలి సర్పయాగకథ మీ రెఱిఁగినదే. తక్షకుఁ డొక్కఁడు చేసిన నేరమునకు జనమేజయుఁడు సర్పజాతి నంతయు నగ్నిలో వేల్వఁ బూనెను. ఆస్తీకుఁడు యాగశాలకు వచ్చి వేఁడుకొనుటచే నది నిలిచెను. ఒక జాతిని జాతిగా రూపుమాపఁ బూనుటను నేఁడు జాతిసంహార మందురు. దానిని నివారింపవలె ననియు, చేసినవారిని శిక్షింపవలె ననియు ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9వ తేదీన నొక ఒడంబడికను ఆమోదించెను. మన దేశము 1959లో దానిని ధ్రువపఱచెను. శాసన మున్నది, ఆస్తీకుఁడు మాత్రము అరుదుగా వచ్చుచున్నాఁడు. ఏల?

కారణమును మన తెలుఁగువారి కథయందే చూపెదను. పోలవరమున బాలురకుఁ జిరకాలము చరిత్రపాఠములు చెప్పితిని గాని, ఈ కథ నాకు ఏ పాఠ్యపుస్తకమునందును గానరాలేదు.

కూలికొఱకు ఓడలెక్కి బర్మాకును మలయాకును పోయిన తెలుఁగు కుటుంబములు అనేకములు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమయ్యెను. ఆ యేఁటినుండి 1943 అక్టోబరు వఱకు జపాను సేనలు సయామునుండి బర్మాకు, కొండలను అడవులను చీల్చి, 415 కిలోమీటర్ల రైలుమార్గమును వేయించెను. మలయా రబ్బరుతోఁటలలోని తమిళులను, వారితోఁ గూడ తెలుఁగువారిని, మంచి కూలి యిత్తుమని కొందఱిని, బలాత్కారముగాఁ గొందఱిని గొనిపోయిరి. ఉచితముగా సినిమా చూపెద మని పిలిచి, తలుపులు మూసి పట్టుకొనిపోయిన సందర్భములును గలవు. బర్మీయులును జావావారును ఆ పనిలో నుండిరి. ఆఁకలి, దెబ్బలు, మలేరియా చాలవన్నట్లు 1943 వానకాలమున కలరా శిబిరములపైఁ బడెను.

అచ్చట పనిచేసిన యుద్ధఖైదీలు 60,000కుఁ బైగా నుండిరి. వారిలో 12,000కు మించి మరణించిరి. వారికిఁ దమ వైద్యులుండిరి. పేరుపట్టీలు వ్రాయు అధికారు లుండిరి. కావున కాంచనబురి శ్మశానవాటికలో దాదాపు 7,000 సమాధులు వరుసలు దీర్చి యున్నవి. మఱి కూలీలో? 70,000 మంది చచ్చి రని యొకరు, 90,000 అని యొకరు, లక్ష యని మఱియొకరు! వరదలోఁ గొట్టుకొనిపోయిన పశువులకైనను కరణము లెక్క వ్రాసెడివాఁడు గదా!

యుద్ధానంతరమున మిత్రరాజ్యముల న్యాయస్థానములు ఈ మార్గమునకు సంబంధించి 111 మందిని విచారించి, 32 మందికి మరణశిక్ష విధించినవి. అం దధికభాగము ఖైదీలైన సైనికులఁ గూర్చినవే. కూలీల పక్షమున నడచిన విచారణలు మిక్కిలి కొద్ది. 1952 జూన్ 9వ తేదీన మన దేశము జపానుతో సంధి చేసికొని యుద్ధపరిహారపు హక్కును వదలుకొనెను. ఉదారమైన కార్యమే, కాని కూలివాని వితంతువు నడిగి వదలినది కాదు.

ఇది జాతిసంహార మగునా? కాదు. ఆ పేరు చెల్లవలెనన్న జాతిని నాశము చేయు సంకల్పము ఋజువు కావలెను. జపానువారికిఁ గావలసినది రైలుమార్గము. కాని లోకము కన్నులు మూసికొనిన తీరు రెండింట నొక్కటియే.

1994లో ఆఫ్రికాలోని రువాండాను జూడుఁడు. తుత్సీల పేరుపట్టీలు సిద్ధమగుచున్నవనియు, వారిని నిర్మూలించుటకే యని తోఁచుచున్నదనియు ఐక్యరాజ్యసమితి సేనాని దలేర్ జనవరి 11వ తేదీననే న్యూయార్కునకు వార్త పంపెను. ఆయుధములు పట్టుకొనుటకు ఆయనకు అనుజ్ఞ రాలేదు. ఏప్రిలులో హత్యాకాండ మొదలయ్యెను. ఆ నెల 21వ తేదీన భద్రతామండలి అచ్చటి కావలిసేనను 270 మందికిఁ దగ్గింప నిర్ణయించెను. నూఱుదినములలో సుమారు 8,00,000 మంది హతులైరి. న్యాయస్థానము నవంబరులో వచ్చినది. చంపువారు పేర్లు వ్రాసికొనిరి. కాపాడవలసినవారికి ఆ పేర్లు లెక్కకు రాలేదు.

పేరు తెలియని పితరులకును మన శాస్త్రము కడపట నొక దోసిలి నీ రిచ్చుచున్నది. న్యాయస్థానము పేరు లేనివాని మొఱ వినదు. నివారణము రాజ్యముల పని, శిక్ష న్యాయస్థానముల పని. లెక్క మాత్రము మన చేతిలోనిది. మీ గ్రామమునుండి బర్మాకో మలయాకో పోయి తిరిగిరానివారి మాట తలిదండ్రులవలన విన్నవారు ఇంకను ఉందురు. వారి నడిగి ఇంటిపేరు, తండ్రిపేరు, పోయిన యేఁడు వ్రాసి, గ్రంథాలయమున నొక ప్రతి యుంచుఁడు. ఆలసించిన చెప్పువారు మిగులరు.