పిచ్చికలగుడిపాడు మీద సుఖోయ్

2024 మార్చి 18న అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద ట్రాఫిక్ మళ్లించారు. లారీ బోల్తా పడలేదు, మంత్రిగారి కాన్వాయీ రాలేదు. కొరిశపాడు మండలం పిచ్చికలగుడిపాడు దగ్గర అత్యవసర రన్‌వేగా కట్టిన 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు మీదికి సుఖోయ్-30లు, హాక్‌లు దిగినట్టే దిగి, నేల తాకకుండా లేచిపోయాయి. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులవి. పిచ్చుకల పేరున్న ఊరి మీద ఆ గర్జన!

అది ఇంజన్ లోపల పుడుతుందనుకుంటాం. నిజానికి చాలావరకు బయటే పుడుతుంది. బోరు నీళ్లు బోదెలో పడేచోట సుడులు చూశారు కదా. ఇంజన్ వెనక నుంచి దూసుకొచ్చే వేడిగాలి, కదలకుండా ఉన్న గాలిని చీల్చుకుపోతూ అలాంటి సుడులే రేపుతుంది. మనకి వినబడేది ఆ సుడుల గోల.

ఈ గోలకి మొదటిసారి లెక్క కట్టినవాడు మాంచెస్టర్ యూనివర్సిటీ గణితజ్ఞుడు జేమ్స్ లైట్‌హిల్. ఆయన పేపరు 1952లో అచ్చయింది. కామెట్ జెట్ విమానం ప్రయాణికులతో ఎగరడం మొదలైందీ ఆ ఏడాదే. ఆయన తేల్చింది ఇది: శబ్దశక్తి జెట్ వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శబ్దం 256 రెట్లు. అంటే వేగం కాస్త తగ్గించినా గోల బాగా తగ్గుతుందన్నమాట. పెద్ద ఫ్యానుతో ఎక్కువ గాలిని నెమ్మదిగా తోసే ఇంజన్లు వచ్చాక ప్రయాణికుల విమానాలు అలాగే మెత్తబడ్డాయి.

జెట్ ధ్వనివేగం దాటితే ఈ సూత్రం సరిపోదు. షాక్ తరంగాలు తోడై కీచుమనే కూత కూడా పుట్టొచ్చు. ఈ రంగంలో తెలుగు పేర్లూ ఉన్నాయి. గాడి మీదుగా వేగంగా పోయే గాలి చేసే శబ్దం గురించి కరంచేటి కృష్ణమూర్తి 1955లోనే రిపోర్టు రాశారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయనతో కలిసి జెట్ల మీద పనిచేసిన క్రొత్తపల్లి ఆంజనేయులు, తర్వాత ఫ్లోరిడాలో సహచరులతో కలిసి, జెట్‌లోకి నీళ్లు చిమ్మితే శబ్దం తగ్గుతుందని 2003లో చూపించారు.

ఇవాళ సూపర్‌కంప్యూటర్లు పెద్ద సుడులను నేరుగా లెక్కగడతాయి, చిన్నవాటిని అంచనా వేస్తాయి. ప్రతి సుడినీ పట్టుకోవడం మాత్రం ఇప్పటికీ మహా కష్టం.

మరి ఇంత తెలిశాక గోల ఎవరికి తగ్గింది? 1969లో అమెరికా, 1971లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ శబ్దానికి హద్దులు పెట్టాయి. ఎయిర్‌పోర్టుల పక్కన ఉండేవాళ్లు గొడవ చేశారు కాబట్టి పెట్టాయి. ఆ హద్దులు పౌర విమానాలకే. యుద్ధ విమానానికి వేగమే ప్రాణం, దాన్ని నెమ్మదించమని ఎవరూ అనరు. నేనూ అనను.

కానీ లెక్కకి ఇంకో ఉపయోగం ఉంది. గోలని తగ్గించలేకపోయినా ముందే చెప్పొచ్చు. ఏ గడపలో ఎన్ని డెసిబెల్స్ పడతాయో ఎయిర్‌పోర్టుల చుట్టూ మ్యాపులు గీస్తారు. అలాంటిదే ఒకటి తెలుగులో, విన్యాసాలకి వారం ముందు పంచాయతీ గోడ మీద అంటిస్తే చాలు. గేదెల్ని ఎక్కడ కట్టేయాలో, పసిపిల్లని ఏ ఇంటికి తీసుకెళ్లాలో ఊళ్లోవాళ్లే చూసుకుంటారు.