తలంటు, కుంకుడుకాయ, షాంపూ బిళ్ల

మద్రాసు నుండి కూలీలతో వచ్చిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. ఆ వెనుకటి ఓడలలో వచ్చిన మా పెద్దలు ‘తలంటు’ అన్న మాటను నిలుపుకొన్నారు గాని, మా ఇంట కుంకుడుకాయ నిలువలేదు. దాని స్థానంలో బట్టల సబ్బు చేరింది.

కుంకుడు జాతికి లాటిన్‌లో ‘సపిండస్’ అని పేరు. భారతీయ సబ్బు అని దాని అర్థం. నిజానికి అది సబ్బు కాదు. సబ్బు క్షారం, కుంకుడు రసం మన మాడు చర్మం వలెనే కొంత ఆమ్లగుణం గలది. నేటి షాంపూ బిళ్లలు చూపునకు సబ్బులే అయినా, చాలావాటిలో సబ్బు ఉండదు. ఆ విధంగా అవి కుంకుడుకే దగ్గరి చుట్టాలు.

చుండ్రు మురికి వలన పుట్టదు. 1874లో ఫ్రెంచి వైద్యుడు మలసే చుండ్రు పొట్టులో ఒక సూక్ష్మ శిలీంధ్రాన్ని వర్ణించారు. అది తలలోని జిడ్డును తిని బ్రతుకుతుంది. పిల్లల తలలకు నూనె దట్టించి గంటల తరబడి కూర్చుండబెట్టిన మేము (ప్రేమతోనే సుమా!) దానికి విందు పెట్టామన్నమాట. దానిని అణచడానికి జింకు పిరిథియోన్ వంటి మందు కలిపిన బిళ్ల కావాలి. నురుగును మాడుకు పట్టించి, కొన్ని నిమిషాలు ఉంచి కడగాలి.

ఒకనాడు తరగతిలో, భుజాలపై పొట్టు రాలిన ఒక బాలుని ‘తల కడుక్కోవా?’ అని మందలించాము. వాని తల్లి ప్రతిదినమూ సబ్బుతో రుద్దుతున్నదని తరువాత తెలిసింది.